బొగ్గు బండికి పచ్చజెండా, ప్రయాణికుడికి ఎర్రజెండా

2022 ఏప్రిల్ చివరి వారం. పెళ్లిళ్ల కాలం, పిల్లల పరీక్షలు ముగిసి కుటుంబాలు సొంత ఊళ్లకు బయలుదేరే కాలం. ఆ రోజుల్లో బిలాస్‌పూర్ స్టేషన్‌కు వచ్చిన ప్రయాణికుడు ముందుగా చూసుకోవలసి వచ్చింది రైళ్ల వేళల పట్టిక కాదు, రద్దయిన రైళ్ల జాబితా. దేశవ్యాప్తంగా వందలాది ప్రయాణికుల రైలు సర్వీసులను మే 24 వరకు రద్దు చేస్తున్నట్లు రైల్వే శాఖ ప్రకటించింది. విద్యుత్ కేంద్రాల వద్ద బొగ్గు నిల్వలు అడుగంటాయని, బొగ్గు ర్యాక్‌లకు దారి ఇవ్వక తప్పదని కారణం చెప్పింది. ఆ రద్దుల భారంలో పెద్ద వాటా బిలాస్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఆగ్నేయ మధ్య రైల్వే మీదే పడింది.

బొగ్గుకు అంత తొందర ఎందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. ఆ ఏడాది మార్చి, 1901 నుంచి ఉన్న రికార్డుల ప్రకారం దేశంలో అత్యంత వేడి మార్చి. ఏప్రిల్‌లో వాయవ్య, మధ్య భారతం మండిపోయింది. ఏప్రిల్ 29న దేశ విద్యుత్ గరిష్ఠ డిమాండు 207 గిగావాట్లకు చేరి, అప్పటివరకు ఉన్న రికార్డులన్నిటినీ దాటింది. భూతాపం పెరగకపోయి ఉంటే అలాంటి వేడి వచ్చే అవకాశం ముప్ఫై రెట్లు తక్కువగా ఉండేదని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఆ మే నెలలోనే లెక్కకట్టింది. అంటే బొగ్గు కాల్చగా పెరిగిన వేడిని తట్టుకోవడానికి మరింత బొగ్గు కావలసి వచ్చింది. ఆ బొగ్గును మోయడానికి పట్టాలు ఖాళీ చేయవలసి వచ్చింది. పట్టాల మీది నుంచి దిగవలసి వచ్చినవాడు ఏసీ గదిలో కూర్చున్నవాడు కాదు. ప్యాసింజర్ బండిలో, జనరల్ బోగీలో, మహా అయితే స్లీపర్‌లో వెళ్లేవాడు.

అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ రైల్వే శాఖకు నిరసన తెలిపారు. కొన్ని రైళ్లు తిరిగి పట్టాలెక్కాయి. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికల ముందు కాంగ్రెస్ రైల్ రోకోకు దిగింది. బీజేపీ నాయకులు దానిని ఎన్నికల నాటకమని కొట్టిపారేశారు. ఇరు పక్షాలూ రైళ్ల గురించే మాట్లాడాయి. రైళ్లు ఆగడానికి కారణమైన వేడి గురించి గాని, ఆ వేడికి మూలమైన బొగ్గు మీద రాష్ట్రం, రైల్వే, కేంద్రం ముగ్గురూ ఎంతగా ఆధారపడి బతుకుతున్నారన్న విషయం గురించి గాని ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకు కారణం లేకపోలేదు. బిలాస్‌పూర్‌లో బొగ్గును ప్రశ్నించడమంటే నెల జీతాన్ని ప్రశ్నించడమే.

ఈ పట్టణాన్ని రైలు పెంచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు ప్రధాన మార్గాన్ని పూర్తి చేసింది. మరో దశాబ్దంలో వాల్తేరు–కటక్ మార్గమూ అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్‌లకు రైల్వే కొలువుల కోసం తరలివెళ్లారు. 1931లో పార్వతీపురం దాటి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వరకు రైలు మార్గం కలిశాక ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి. గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉన్నారు. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. వేసవిలో జరిగే సోలాపురి మాత ఉత్సవం నాడు ఆ రైల్వే ప్రాంతమంతా తెలుగు ఊరిని తలపిస్తుంది.

కొలువు రైల్వేదే అయినా రైల్వేను పోషిస్తున్నది బొగ్గు. కోల్ ఇండియా అనుబంధ సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. 2023–24లో ఆ సంస్థ తవ్విన బొగ్గు సుమారు 18.7 కోట్ల టన్నులు. కోర్బా జిల్లాలోని గెవ్రా గని ఒక్కటే ఆ ఏడాది 5.9 కోట్ల టన్నులు ఇచ్చింది. దానిని ఏడాదికి 7 కోట్ల టన్నులకు పెంచడానికి పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. పట్టణానికి సమీపంలోనే సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం, కోర్బాలో మరో 2,600 మెగావాట్ల కేంద్రం. ఈ ప్రాంతంలో నల్లధూళి పడని ఊరు చూపడం కష్టం.

బిలాస్‌పూర్‌కు రైల్వే జోన్ కావాలని 1996లో జరిగిన ఉద్యమం సామాన్యమైనది కాదు. పట్టణం భగ్గుమన్నది. చివరికి 2003 ఏప్రిల్‌లో జోన్ ప్రారంభమైంది. విశాఖ జోన్ కోసం దశాబ్దాలు ఎదురుచూసి, 2019లో ప్రకటన విని, 2025 జనవరిలో గాని శంకుస్థాపన చూడని తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తగా తోచదు. అక్కడా ఇక్కడా వాదనకు ప్రాణం ఒక్కటే: సరకు మోసి సంపాదించి పెట్టేది మా ఊరు, పెత్తనం మాత్రం మరో ఊరిది. విశాఖకు కిరండూల్ ఇనుప ఖనిజం ఎలాగో, బిలాస్‌పూర్‌కు కోర్బా బొగ్గు అలాగ. ఆత్మగౌరవం మాట ఎంత వినిపించినా జోన్ల రాజకీయానికి పునాది గూడ్సు బండి ఆదాయమే.

ఆ ఆదాయం ఎక్కడికి వెళుతున్నదో కూడా చూడాలి. భారత రైల్వే మోసే సరకులో దాదాపు సగం బొగ్గు. సరకు రవాణా ఆదాయంలోనూ దాని వాటా సగానికి చేరువ. ప్రయాణికుల టికెట్ల మీద రైల్వేకు నష్టమే తప్ప లాభం లేదు. 100 రూపాయలు ఖర్చయ్యే ప్రయాణానికి 54 రూపాయలే వసూలు చేస్తున్నామని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ పార్లమెంటులో పదే పదే చెబుతున్నారు. మిగిలిన 46 రూపాయలను మంత్రి తన జేబు నుంచి ఇవ్వడం లేదు, గూడ్సు బండి ఇస్తున్నది. అందులో బొగ్గు బండిది పెద్ద చేయి. బొగ్గు మీద అధిక చార్జీ వేసి ప్రయాణికుల చార్జీని అణచి ఉంచే ఈ పద్ధతి ఎక్కువ కాలం సాగదని పునీత్ కాంబోజ్, రాహుల్ టోంగియా అనే పరిశోధకులు 2018లోనే బ్రూకింగ్స్ ఇండియా అధ్యయనంలో హెచ్చరించారు. ఏ ప్రభుత్వమూ దానిని పట్టించుకున్నట్లు కనిపించదు. టికెట్ ధర పెంచిన పార్టీ ఓడిపోతుందని మన నాయకులు నమ్ముతారు. బొగ్గు రవాణా చార్జీ మాత్రం కరెంటు బిల్లులో కరిగిపోతుంది, ఓటరు కంటికి కనబడదు.

ఇప్పుడు ఇదే రైల్వే 2030 నాటికి నెట్ జీరో సాధిస్తామని ప్రకటించుకున్నది. బ్రాడ్‌గేజ్ మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయింది. డీజిల్ ఇంజన్లు పక్కకు తప్పుకుంటున్నాయి. రాయపూర్ డివిజన్‌లోని భిలాయ్‌లో రైల్వే ఖాళీ భూమిలో 50 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే నెట్ జీరో లెక్కలోకి వచ్చేది రైలు నడవడానికి వాడిన ఇంధనం మాత్రమే, రైలు మోసిన ఇంధనం కాదు. ఒక గూడ్సు బండి సుమారు నాలుగు వేల టన్నుల బొగ్గు మోస్తుంది. ఆ బొగ్గు కాలినప్పుడు టన్నుకు దాదాపు ఒకటిన్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. సూర్యరశ్మితో నడిచే ఇంజను ఆరు వేల టన్నుల వాయువును గమ్యం చేర్చి, తన చేతులకు మసి అంటలేదని చెప్పుకోవచ్చు. లెక్కల పుస్తకం ప్రకారం అది అబద్ధం కాదు. రుతుపవనాలకు ఆ లెక్కల పుస్తకంతో పని లేదు.

రైల్వే మీద వేడి ప్రభావం ఎలా ఉంటుందో అధికారుల నివేదికల కంటే పట్టాల పక్కన నడిచే మనిషికి బాగా తెలుసు. నేడు రైలు పట్టాలను ముక్కముక్కలుగా కాక కిలోమీటర్ల కొద్దీ వెల్డింగ్ చేసి పరుస్తారు. ఎండలో ఉక్కు సాగుతుంది. సాగడానికి చోటు లేనప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి హద్దు మీరితే పట్టా పక్కకు పాములా వంగుతుంది. దాని మీదికి వచ్చిన రైలు పట్టాలు తప్పుతుంది. గాలిలో 45 డిగ్రీలు ఉన్నప్పుడు పట్టా 60 డిగ్రీలు దాటి కాలుతుంది. అందుకే పట్టా ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు దాటగానే మిట్టమధ్యాహ్నం ప్రత్యేక గస్తీ మొదలవుతుంది. లోకమంతా నీడపట్టున చేరే వేళ కీమన్, గ్యాంగ్‌మన్ భుజాన పనిముట్లు వేసుకుని, కాళ్ల కింద కాలే కంకర మీద నడుస్తారు. కాగితం మీద వారి హోదా పేరు ట్రాక్ మెయింటైనర్ అని మారింది. ఎండ మారలేదు, పెరిగింది. బిలాస్‌పూర్‌లో బొగ్గు బండ్ల రద్దీ వల్ల పట్టాల మీద బరువూ అధికం, మరమ్మతుకు దొరికే విరామమూ తక్కువ. వడగాడ్పుల హెచ్చరిక వెలువడిన రోజున కార్యాలయాలు, బడుల వేళలు మారుతున్నాయి. పట్టాల గస్తీకి మాత్రం వేడే ముహూర్తం. వాతావరణ మార్పులపై ఢిల్లీలో జరిగే సదస్సుల్లో ఈ మనిషి ప్రస్తావన రాదు. అతని తాత పొందూరు నుంచో పాలకొండ నుంచో వచ్చి ఉండవచ్చు.

ఆ తాతల ఊళ్లలో పరిస్థితి ఏమిటి? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర భూముల దగ్గర అదే కథ పునరావృతమైంది. నీరు, చేపలు, గడ్డి, పంట ఇచ్చే భూమిని బూడిద చెరువుగా మార్చవద్దన్నదే ఆ జనం కోరిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. ఏదో ఒక తుపానును పట్టుకుని ఇది భూతాపం వల్లనే వచ్చిందని చెప్పడం శాస్త్రీయం కాదు. వేడెక్కిన సముద్రం తుపాను బలాన్ని పెంచుతుందన్నది మాత్రం శాస్త్రం నిర్ధారించిన విషయమే. కొబ్బరి చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఉద్దానం యువకులు మళ్లీ రైలెక్కారు.

సోంపేటలో బొగ్గును వద్దన్నవారి బంధువులు బిలాస్‌పూర్‌లో బొగ్గు బండికి పచ్చజెండా ఊపుతున్నారు. ఇందులో వారి తప్పేమీ లేదు, ద్వంద్వ ప్రమాణమూ లేదు. పొట్ట గడవడానికి దొరికిన పనిని వారు చేస్తున్నారు. ద్వంద్వ ప్రమాణాలు మరోచోట ఉన్నాయి.

వాటిని చూడాలంటే హస్‌దేవ్ అరణ్యం దాకా వెళ్లాలి. కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల్లో సుమారు 1,700 చదరపు కిలోమీటర్లలో పరచుకున్న ఈ అడవి హస్‌దేవ్ నదికి నీరు పడుతుంది. ఆ నీరే బాంగో జలాశయం ద్వారా పొలాలకూ, విచిత్రంగా కోర్బా విద్యుత్ కేంద్రాలకూ చేరుతుంది. 2010లో కేంద్రం దీనిని తవ్వకాలు జరపరాని ప్రాంతంగా గుర్తించింది. ఆ తర్వాత అదే కేంద్రం ఒక్కొక్క బ్లాకుకు అనుమతులిచ్చింది. 2015లో రాహుల్ గాంధీ మదన్‌పూర్ వచ్చి ఆదివాసులకు అండగా ఉంటామన్నారు. 2021 అక్టోబరులో అదే మదన్‌పూర్ నుంచి ఆదివాసులు రాయపూర్‌కు 300 కిలోమీటర్లు కాలినడకన వెళ్లారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వమే. మరుసటి మార్చిలో రాజస్థాన్ కాంగ్రెస్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ రాయపూర్ వచ్చి తమ విద్యుత్ సంస్థకు బొగ్గు కావాలని కోరగా, ఛత్తీస్‌గఢ్ కాంగ్రెస్ ముఖ్యమంత్రి అనుమతులు మంజూరు చేశారు. జనం తిరగబడగా అదే ఏడాది జూలైలో హస్‌దేవ్‌లోని బ్లాకులన్నిటినీ రద్దు చేయాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవమంటే బీజేపీ కూడా చేయెత్తినట్లే. 2023 డిసెంబరులో బీజేపీ ప్రభుత్వం వచ్చిన కొద్ది రోజులకే పోలీసు బందోబస్తు మధ్య చెట్ల నరికివేత మొదలైంది. ఈ ఉద్యమానికి నాయకత్వం వహించిన ఆలోక్ శుక్లాకు 2024లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. పురస్కారం వచ్చింది గాని గొడ్డళ్లు ఆగలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విడ్డూరం రాజస్థాన్ వైఖరి. దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యంలో అగ్రస్థానం కోసం పోటీపడే రాష్ట్రమది. భడ్లా ఎడారిలోని సౌర పార్కు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. అలాంటి రాష్ట్రం వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న అడవిని తవ్వి బొగ్గు తెప్పించుకోవడం ఎందుకన్న ప్రశ్నకు వినిపించే జవాబు ఒకటే: సూర్యుడు సాయంత్రం అస్తమిస్తాడు.

ఈ జవాబును తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. 2025 జూన్ నాటికి దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. పారిస్ ఒప్పందం కింద 2030కి చేస్తామన్న పని ఐదేళ్లు ముందే పూర్తయిందని ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఏడాది పొడుగునా మన ఇళ్లకు వచ్చే కరెంటులో 70 శాతానికి పైగా ఇంకా బొగ్గుదే. మధ్యాహ్నం సౌర విద్యుత్తు పొంగిపొర్లుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు, ఇంటికి చేరిన జనం ఏసీలు, కూలర్లు వేసుకునే వేళకు, అది ఉండదు. వేడి రాత్రుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ సమస్య ఇంకా పెరుగుతుంది. పునరుత్పాదక ఇంధనాన్ని సమర్థించేవారు ఈ ఎనిమిది గంటల ప్రశ్నను దాటవేసినంత కాలం బొగ్గు వ్యాపారి నిశ్చింతగా నిద్రపోతాడు.

దీనికి సమాధానం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉండటం విశేషం. రాజ్‌నంద్‌గావ్‌లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ నిర్మించిన 100 మెగావాట్ల సౌర కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దానికి 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ జోడించారు. 40 మెగావాట్ల చొప్పున మూడు గంటల పాటు సాయంత్రం వేళ కరెంటు ఇవ్వగల ఏర్పాటు అది. సీపత్‌తో పోలిస్తే చిన్నదే. అయినా బిలాస్‌పూర్ నుంచి ముంబై మార్గంలో వెళ్లే ప్రతి రైలూ దాటి పోయే ఊరిలో అది పనిచేస్తున్నది. అదే సంవత్సరం డిసెంబరులో అదే సంస్థ నిర్వహించిన వేలంలో, నిల్వ సదుపాయంతో కూడిన సౌర విద్యుత్తు యూనిట్ 3 రూపాయల 52 పైసలకు పలికింది. గనికి వందల కిలోమీటర్ల దూరంలో కొత్తగా కట్టే ఏ బొగ్గు కేంద్రమూ ఆ ధరకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పిన్నాపురం వద్ద పగటి కరెంటుతో నీటిని పైకి ఎత్తి, రాత్రి కిందికి వదిలి 1,680 మెగావాట్లు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వచ్చింది. సాంకేతికత లేదన్న సాకు ఇక చెల్లదు. డబ్బు, దాన్ని ఎవరు భరించాలన్న నిర్ణయం, ఈ రెండే మిగిలాయి.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. 2010లో ప్రణబ్ ముఖర్జీ టన్ను బొగ్గు మీద 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు. అరుణ్ జైట్లీ దానిని 100కు, 200కు, 2016 నాటికి 400కు పెంచారు. ఆలోచన మంచిది: బొగ్గు చేసే కీడుకు బొగ్గే మూల్యం చెల్లించాలి, ఆ సొమ్ముతో స్వచ్ఛ ఇంధనం పెరగాలి. మొదటి ఏడెనిమిదేళ్లలో 86 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలైంది. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. నిజంగా ఖర్చయింది 16 వేల కోట్ల లోపు. 2017లో జీఎస్టీ రాగానే ఆ 400 రూపాయలను రాష్ట్రాలకు పరిహారం చెల్లించే ఖాతాలోకి మళ్లించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని పూర్తిగా తీసివేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పత్రికల్లో పన్ను పెరిగినట్లు వార్త వచ్చింది. టన్ను వెయ్యి రూపాయల బొగ్గును ఉదాహరణగా తీసుకుంటే పాత పద్ధతిలో పన్ను 450 రూపాయలు, కొత్త పద్ధతిలో 180. నాణ్యత తక్కువ, బూడిద ఎక్కువ ఉన్న చౌక బొగ్గుకే ఈ మార్పు వల్ల ఎక్కువ లాభం. వాతావరణ సదస్సుల్లో భారతదేశం సగర్వంగా చూపుకున్న ఆ కార్బన్ పన్ను అంతర్ధానమైంది. పార్లమెంటులో దాని కోసం పట్టుమని పది నిమిషాలు వాదించినవారు కనిపించలేదు.

ఆ 400 రూపాయల్లో సగం బిలాస్‌పూర్, కోర్బా వంటి ఊళ్ల భవిష్యత్తుకు వేరుగా పెట్టి ఉంటే ఏమయ్యేది? 2020లో జర్మనీ 2038 నాటికి బొగ్గు విద్యుత్తును ఆపేస్తామని చట్టం చేసినప్పుడు, గని ప్రాంతాల కోసం నాలుగు వేల కోట్ల యూరోలు కేటాయించింది. ధనిక దేశం, చేయగలిగింది అనవచ్చు. భారతదేశం ధనిక దేశం కాదు. గాలిలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువులో మన వాటా అమెరికా, ఐరోపాల కంటే ఎంతో తక్కువ. మనం 2070 గడువు పెట్టుకోవడంలో న్యాయముంది. అయితే గడువు దూరంగా ఉండటం పనిని వాయిదా వేయడానికి కాక, జనాన్ని సిద్ధం చేయడానికి ఉపయోగపడాలి.

ఆ సన్నాహం లేకపోతే ఏమవుతుందో తెలంగాణకు తెలుసు. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లో ఉన్నది. వాతావరణ ఒప్పందాలు ఏవీ ఆ ఉద్యోగాలను తీసివేయలేదు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, మనుషుల స్థానంలో యంత్రాలు, పర్మనెంటు కార్మికుల స్థానంలో కాంట్రాక్టు కూలీలు వచ్చారు. బొగ్గు పెరిగింది, కొలువులు తగ్గాయి. బొగ్గును కాపాడితే ఉద్యోగాలు నిలుస్తాయని బిలాస్‌పూర్‌లో మైకుల ముందు చెప్పే నాయకులు ఒకసారి కొత్తగూడెం వెళ్లి రావాలి. అదే సింగరేణి తన భూముల్లో సౌర ఫలకాలు పరచుకుంటూ వస్తున్న సంగతీ అక్కడే చూడవచ్చు.

బిలాస్‌పూర్ అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. బొగ్గు తగ్గే నాటికి టికెట్ రాయితీ ఎక్కడి నుంచి వస్తుందో రైల్వే శాఖ ఇప్పుడే చెప్పాలి, లేదా ఆ రాయితీని బడ్జెట్ నుంచి నేరుగా ఇవ్వాలి. బొగ్గు బదులు మోయగల సిమెంటు, ఉక్కు, ధాన్యం, కంటైనర్లను లారీల నుంచి పట్టాల మీదికి తెచ్చే ప్రణాళిక ఈ జోన్‌కు వేరుగా ఉండాలి. రైల్వే క్వార్టర్ల, షెడ్ల కప్పుల మీద సౌర ఫలకాలు ప్రదర్శన కోసం కాక పూర్తిగా పరవాలి. వాటిని బిగించే, బాగుచేసే పని రైల్వే కుటుంబాల పిల్లలకు నేర్పాలి. ఎండ వేళ గస్తీకి మనుషుల సంఖ్య పెంచి, ఒక్కొక్కరి నడకను తగ్గించాలి. వేడి పెరిగినప్పుడల్లా ప్యాసింజర్ బండినే ముందుగా ఆపే అలవాటు మానాలి. ఈ చివరిదానికి ఖర్చు కూడా లేదు. వేసవికి ముందే విద్యుత్ కేంద్రాల వద్ద బొగ్గు నిల్వ చేసుకోవడం ఆ సంస్థల బాధ్యత. అందులో జరిగిన లోపానికి ప్రయాణికుడు మూల్యం చెల్లించనక్కర లేదు.

వీటిని అడగడానికి ఒకప్పుడు ఒక వేదిక ఉండేది. 1924 నుంచి రైల్వేకు వేరు బడ్జెట్ ఉండేది. మంచికో చెడుకో ఏడాదికోసారి రైళ్ల గురించి సభ గంటల తరబడి మాట్లాడుకునేది. 2017లో అది సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. బిలాస్‌పూర్ ఎంపీ తోఖన్ సాహు కేంద్రంలో సహాయ మంత్రి. బిలాస్‌పూర్ తెలుగువారి పుట్టిల్లు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర క్యాబినెట్ మంత్రి. మంత్రులు సభలో జవాబులు చెబుతారు గాని ప్రశ్నలు వేయరు. ఇక మిగిలింది పక్కనే ఉన్న విజయనగరం. అక్కడి సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు సైకిల్ మీద పార్లమెంటుకు వచ్చి వార్తల్లో నిలిచారు. కోర్బాలో బయలుదేరే విశాఖ ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ తెలుగువారిని ఎక్కించుకుని ఆయన నియోజకవర్గం మీదుగానే వెళుతుంది. ప్రశ్నోత్తరాల సమయంలో ఆయన అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది: బొగ్గు కోసమే గెవ్రా రోడ్ నుంచి పెండ్రా రోడ్ వరకు వేస్తున్న 135 కిలోమీటర్ల కొత్త మార్గం మీద 2045లో ఏ సరకు నడుస్తుందని రైల్వే శాఖ లెక్క వేసుకున్నది?